అందరి వెతుకులాటా ఆయన పేరు మీదే

రీడింగ్ రూముకు వచ్చేవాళ్లలో ఆయన అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. చిన్నా పెద్దా అందరికీ ఆయన పాస్‌వర్డు మావయ్య. వయసులో తనకంటే పెద్దవాళ్లు కూడా మావయ్యా అని పిలుస్తుంటే మొదట్లో ఇబ్బందిపడ్డాడు, తర్వాత ఓపిక చచ్చి ఊరుకున్నాడు. కంప్యూటర్ తెరవాలంటే ఆయన రావాలి. వచ్చి, కాస్త పక్కకు తిరగమన్నట్టు చెయ్యి ఊపి, రెండు వేళ్లతో పాస్‌వర్డు కొట్టాలి. అదేమిటో రోజూ వచ్చేవాళ్లందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ కొట్టరు. ఆయన పని ఆయన చేతుల్లోంచి లాక్కున్నట్టుంటుందని.

బస్సు డిపో ఎదురుగా, మందుల దుకాణం పైన, మొదటి అంతస్తులో ఉంటుంది ఆ రీడింగ్ రూము. మెట్లెక్కగానే పేపర్ల బల్ల. దాని వెనక గోడ వారగా నాలుగు కంప్యూటర్లు. ఒకదాని మౌసు గట్టిగా నొక్కితేగాని పలకదు. ఇంకోదాని కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయి, అలవాటున్నవాళ్లకు తప్ప లొంగదు. నాలుగోది మూలన, ఇనప బీరువా చాటున ఉంటుంది. దాని తెర ఎటునుంచి చూసినా ఎవరికీ కనబడదు. అందరికీ కావలసింది అదే. అది ఖాళీ అయ్యేదాకా పాత పేపరు తిరగేస్తూ కూర్చుంటారు కాని పక్కనున్న ఖాళీ కుర్చీలోకి పోరు. "మామూలు మనుషులం, మాకు దాచుకోవడానికి ఏముందండీ" అని సభల్లో చెప్పేవాళ్లను ఒక పూట ఆ బీరువా పక్కన కూర్చోబెడితే సరిపోతుంది.

కంప్యూటర్లు రాకముందు ఆయన పని పేపర్లు కర్రలకు బిగించడం, సాయంత్రం విప్పి దొంతర పెట్టడం. అప్పుడూ ఆయనకు చాలా తెలిసేవి. ఫలానా ఆయన అద్దె ఇళ్ల కాలమ్ దగ్గర ఆగిపోయాడంటే ఇంటాయనతో చెడిందన్నమాట. ఉద్యోగాల పేజీ చింపుకుపోయింది ఎవరో చిరుగు చూసి చెప్పగలిగేవాడు. కాని తాళం వేసి మెట్లు దిగేసరికి సగం మరిచిపోయేవాడు. అదేమీ వ్రతం కాదు. బుర్రలో అంత చోటు లేక.

కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆయనకు ఎవరూ ఏదీ నేర్పలేదు. బిగించడానికి వచ్చిన కుర్రాడు ఒక్క పూటలో నాలుగూ బిగించి, చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. అసలు గోల ఆ తర్వాత మొదలైంది. పింఛను కోసం వచ్చిన ముసలాయన ఏదో ఒకటి కొడితే అచ్చం సర్కారు సైటులాగే ఉన్న దొంగ సైటు ఊడిపడేది. పరీక్షా ఫలితాలు చూడబోతే పేకాట తెరుచుకునేది. ఈ కుర్చీ నుంచి ఆ కుర్చీకి తిరిగి తిరిగి ఆయన మోకాళ్లు పట్టేసేవి. చివరికి తనకు తోచిన ఉపాయం చేశాడు. బ్రౌజర్‌లో తన పేరు మీద ఖాతా తెరిచి, పనికొచ్చే సైట్లన్నిటికీ నక్షత్రం గుర్తు పెట్టి, అదే ఖాతాతో నాలుగింటిలోనూ లాగిన్ అయ్యాడు. ఒక చోట నక్షత్రం పెడితే నాలుగు చోట్లా మెరిసేది. 'అన్నిటినీ కలిపి ఉంచమంటారా' అని బ్రౌజర్ అడిగితే సరే నొక్కాడు. ఎవరైనా అదే నొక్కుతారు. 'వద్దు' అనేది ఎక్కడ పెట్టారో కనుక్కోవాలంటే కళ్లద్దాలు మార్చుకోవాలి.

చూసిన పేజీల చరిత్రను కూడా ఆయన ఎన్నడూ తుడవలేదు. బద్ధకం వల్ల కాదు. ఒకరు తంటాలు పడి పట్టుకున్న చిరునామా, తర్వాత వచ్చినవాళ్లు మొదటి రెండక్షరాలు కొట్టగానే తనంతట తానే దిగి వచ్చేది. జనం మురిసిపోయేవారు. కాలేజీ పిల్లలెవరైనా లేచేముందు తుడిచేయబోతే ఆయనే వారించేవాడు, ఉండనివ్వండర్రా, వెనక వచ్చేవాళ్లకు పనికొస్తుంది అని. నీళ్లు తాగి గ్లాసు కడిగి పెట్టడం లాంటి మర్యాద అనుకున్నాడు దాన్ని.

అలా ఏళ్ల తరబడి, ఉద్యోగం పోయినవాడి వెతుకులాట, జుట్టు రాలుతున్నవాడి వెతుకులాట, కడుపుతో ఉన్న అమ్మాయిది, పక్కింటివాడి మీద కేసు వేద్దామా మానేద్దామా అని తేల్చుకోలేని పెద్దమనిషిది, అన్నీ ఒక్క మనిషి పేరు మీద జమ అవుతూ వచ్చాయి. ఆ మనిషి మాత్రం సాయంత్రం కాగానే ఫ్యాన్లు ఆపి, తాళం వేసి, బొత్తాల ఫోను జేబులో వేసుకుని ఇంటికి పోయేవాడు. ఆ బొత్తాల ఫోను ఉన్నంతకాలం ఆయనకు ఏమీ తెలియలేదు.

కాల్ సెంటర్‌లో పనిచేసే కూతురు కొత్త ఫోను కొనుక్కుని పాతది తండ్రికిచ్చింది. సరిచేసి ఇస్తూ, నీకు ఖాతా ఏమైనా ఏడ్చిందా నాన్నా అని అడిగింది. ఉందని కాస్త గర్వంగానే చెప్పాడు.

వారం తిరక్కుండా ఇంట్లో వినోదం మొదలైంది. ఫోను తెరిస్తే చాలు, పసిపిల్లల ఉయ్యాలలు, బట్టతలకు నూనెలు, పొడవు పెరిగే మాత్రలు, కేసులు గెలిపించే వకీళ్లు. అన్నం తినేటప్పుడు కూతురు వరసగా చదివి వినిపించేది. నాన్నకు నెలలు నిండుతున్నాయట, ఈలోగా పోలీసు పరీక్షకు నాలుగంగుళాలు పెరగాలట అని. కుట్టు మిషను దగ్గరనుంచి లేవకుండానే ఆయన భార్య, ముందు నెత్తి సంగతి చూసుకోమను, పిల్లాడి సంగతి తర్వాత చూద్దాం అనేది. ఆమె ఇంట్లోనే కర్టెన్లు కుడుతుంది. ఎప్పుడు చూసినా ఆమె ఒళ్లో ఎవరిదో ఒకరి కిటికీ ఉంటుంది.

నవ్వులయ్యాక కూతురు అసలు సంగతి వివరించింది. నాలుగు కంప్యూటర్లలో ఎవరేం చూసినా ఇతనే చూశాడని కంపెనీ రాసుకుంటుంది, ఆ చరిత్రంతా ఈ ఫోన్లోకి కూడా వస్తుంది, వెంటనే లాగౌట్ అవ్వమని చెప్పింది. ఆయన తల ఊపాడు. లాగౌట్ అయితే నక్షత్రాలు పోతాయి, ముసలివాళ్లు మళ్లీ దొంగ సైట్లలో పడతారు, మళ్లీ తన మోకాళ్లు. రేపు చూద్దాంలే అనుకున్నాడు. చాలా రేపులు గడిచాయి.

ఒక రోజు పేపర్లు మడుస్తూ ఫోను తీస్తే మూత్రపిండాల ఆసుపత్రి ప్రకటన కనిపించింది. మర్నాడు ఇంకోటి. డయాలసిస్ కేంద్రాలు, ఉప్పు లేని వంటలు. మిగతావాటికి నవ్వినట్టు దీనికి నవ్వు రాలేదు. మొదటిసారి చరిత్ర తెరిచాడు. మూల కంప్యూటర్‌లో ఒకే విడతలో ఎవరో చూసిన పేజీలు వరసగా ఉన్నాయి. కిడ్నీలు పాడైతే ఎంతకాలం బతుకుతారు. కాళ్ల వాపు తగ్గడం ఎలా. ఇంట్లోవాళ్లకు ఎప్పుడు చెప్పాలి. వాటి కిందే, నేర్పేవాడి వైపు బిగించే రెండో బ్రేకు పెడలు ధర.

రెండో బ్రేకు ఎవరికి కావాలి? డ్రైవింగ్ నేర్పేవాడికి. ఆ రీడింగ్ రూముకు వచ్చే డ్రైవింగ్ మాస్టారు ఒక్కడే. పాస్‌వర్డు మావయ్య భార్యకు స్వయానా అన్నయ్య.

ఫోను జేబులో పెట్టుకుని చాలాసేపు పేపర్లు మడిచాడు. మడిచినవే మళ్లీ మడిచాడు. బావ రోజూ మధ్యాహ్నం, నేర్చుకునేవాళ్లు రాని వేళ వస్తాడు. ఈమధ్య పేపరు చదవడం మానేసి మూలకు పోతున్నాడు. పెడలు మార్చాలిట, అందుకేనేమో అనుకున్నాడే గాని ఇంకోలా తట్టలేదు.

ఇది జరిగిన కొద్ది రోజులకే కూతురు అన్నం దగ్గర యథాప్రకారం ఫోను తీసింది. ఈసారి కిడ్నీలమ్ముతారట నాన్నా అనబోయింది. ఆయన చెయ్యి చాపి ఫోను లాక్కున్నాడు. నవ్వలేదు. మిషను చప్పుడు ఆగింది.

కూతురు పనికి వెళ్లిపోయాక భార్య అడిగింది.

"అది కూడా రీడింగ్ రూములోవాళ్లదేనా?"

"ఆ, వాళ్లదే."

"బట్టతలకి నవ్వారు. కడుపుకి నవ్వారు. దీనికి నవ్వలేదేం?"

ఆమె ఆయన కాళ్ల వైపు చూసింది. మోకాళ్ల నొప్పులని మెట్లు మెల్లగా ఎక్కడం, రాత్రి రెండుసార్లు లేవడం, అలిసిపోయి కుర్చీలోనే కునుకు తీయడం, అన్నిటినీ ఆమె మనసులోనే కలిపి కుట్టుకుంది. మొగుడికి జబ్బు వచ్చింది, దాస్తున్నాడు. ఇంతే సంగతి. ఆ రోజునుంచి ఎక్కడ నొప్పి, ఏ డాక్టరు అని రోజూ అడగసాగింది.

ఆయన బావ దగ్గరకు వెళ్లాడు. ఊరి చివర మైదానంలో, కొత్తవాళ్లు తిప్పి తిప్పి నేల మీద గుండ్రంగా దారి పడిన చోట, కారు నీడకు ఆపి ఉంది. బావ తన సీట్లో ఉన్నాడు. చెప్పుల పట్టీలు విప్పేసి ఉన్నాయి. ఈయన నేర్చుకునేవాళ్ల సీట్లో కూర్చున్నాడు. స్టీరింగ్ ముందు కూర్చుని మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక అద్దం సరిచేశాడు. డ్రైవింగ్ ఎప్పుడు మొదలుపెట్టావని బావ వేళాకోళం చేశాడు.

"బావా, ఆ మూల కంప్యూటర్లో నువ్వు చూసినవన్నీ నా ఫోన్లోకి వస్తున్నాయి."

బావ అద్దంలోకి చూస్తూ అడిగాడు.

"ఇంకెవరికి వస్తున్నాయి?"

"నాకే. ఆ కంపెనీవాళ్లకీ."

"కంపెనీవాళ్లు మా చెల్లెలికి చెప్పరుగా?"

"చెప్పరు. మందులమ్ముతారు."

ఇంట్లో తన ఫోను భార్య చూస్తుంది, పిల్లలు చూస్తారు, బండి స్కూలు ఓనరు కూడా చూస్తాడు, అందుకే ఎవరిదీ కాని కంప్యూటర్ ఒకటుందని నీ దగ్గరకొచ్చి చూసుకున్నా, తీరా చూస్తే అది నీ జేబులోనే ఉందా అన్నాడు బావ. కోపంగా అనలేదు. కోపానికి కూడా ఒంట్లో కొంత ఉండాలి. ఒక డాక్టరు చెప్పాడు, రెండో డాక్టరుకు చూపించుకోవాలి, రిపోర్టులు రావాలి. అవి వచ్చేదాకా ఎవరికీ తెలియడానికి వీల్లేదు.

"తెలిసిన రోజునుంచి నేను రోగిని బావా. కూర్చో, లేవకు, బండి జోలికి పోకు అంటారు. రెండో ఆయన ఏమంటాడో విని నేనే చెప్తా. అందరికంటే ముందు నా చెల్లెలికే చెప్తా. అమ్మ పోయినప్పుడు దానికి ఆఖర్న తెలిసింది. ఇప్పటికీ దెప్పుతుంది. ఈసారి నా నోటితో, ముందు దానికే. నువ్వు మాత్రం మధ్యలో దూరకు."

"అది నాకే జబ్బనుకుంటోంది."

బావ ఆయన వైపు తిరిగి చూశాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు.

"అనుకోనీ కొన్నాళ్లు. నీకెలాగూ లేదుగా."

మర్నాడు పొద్దున్నే ఆయన నాలుగు కంప్యూటర్లలోనూ లాగౌట్ అయ్యాడు. చరిత్ర మొత్తం తుడిచేశాడు. తుడుస్తున్నప్పుడు కళ్లు మూసుకోలేం కదా, కొన్ని కనబడ్డాయి. పది గంటలకల్లా జనం మెట్లెక్కారు. నా పింఛను నక్షత్రమేది మావయ్యా అని ఒకరు, రెండక్షరాలు కొట్టినా ఏమీ రావట్లేదేమిటని ఇంకొకరు. మీరు చూసేవన్నీ ఒక చోట రాసి పెడుతున్నారు, అందుకే తీసేశానని చెప్పాడు. రాసుకోనియ్యి, వాళ్లకేం పనీపాటా లేదేమో, మా సైటు మాకు పెట్టు అన్నారు. ఆ మాట అన్న పెద్దమనిషే ఆ తర్వాత మూల కంప్యూటర్ ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాడు. జనానికి గోప్యత ప్రాణమని రాసేవాళ్లూ, జనానికి అదేం పట్టదని రాసేవాళ్లూ ఈ రెండు పనుల్ని ఒకే మనిషి ఒకే పూటలో చేస్తాడని ఒప్పుకోరు. ఆయనకు ఆ వాదన అక్కర్లేదు. అట్ట మీద చిరునామాలు పెద్దక్షరాలతో రాసి గోడకు తగిలించి, మళ్లీ కుర్చీ కుర్చీకీ తిరగడం మొదలుపెట్టాడు.

తుడిచినా ప్రకటనలు ఆగలేదు. కూతురిని అడిగితే, పేజీల చరిత్ర పోతుంది గాని నువ్వెలాంటివాడివో వాళ్లొకసారి అనుకున్నాక అది అంత తొందరగా పోదు నాన్నా అంది. ఎలాంటివాడినట అని అడిగాడు. జబ్బు మనిషివి అంది. వెంటనే నాలిక్కరుచుకుంది. తల్లి ఆమెకు కూడా చెప్పేసిందని అప్పుడర్థమైంది.

భార్య రోజూ అడగడం మానేసి, ఒక రోజు సంచీ భుజాన వేసుకుని, పదండి అంది. పరీక్షలకు. ఎందుకని అడిగితే నాకోసం అంది. కాదంటే కారణం చెప్పాలి. ఆయన వెళ్లాడు. ల్యాబులో చొక్కా చేతులు మడిచి రక్తమిచ్చాడు, చీటీ అతికించిన సీసా పట్టుకుని వరండా చివరిదాకా నడిచాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషి తన ఆరోగ్యాన్ని ఇంత దొంగతనంగా మోసుకుతిరగడం ఆ ల్యాబువాళ్లు చూసి ఉండరు. రిపోర్టు చూసి డాక్టరు, కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయి, మోకాళ్లకు మాత్రం కూర్చునే పని చూసుకోండి అన్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. చాలా రోజుల తర్వాత ఆమె భుజాలు దిగాయి. అప్పుడడిగింది.

"మీది కాదు. మరి ఎవరిది?"

"చెప్పను."

బస్సు ఆగింది, ఎక్కేవాళ్లెక్కారు, మళ్లీ కదిలింది. ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది.

"బయటివాళ్లదైతే, ఎవరో అనేవారు."

ఆయన ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. ఔనన్నా కాదన్నా ఒకటే. ఆమె పేరు ఎత్తలేదు. కొంతసేపటికి, చెప్పుల పట్టీలు విప్పుకుని కూర్చుంటున్నాడు, పోయిన వారం చూశాను అని తనలో తను అనుకుంటున్నట్టుగా అంది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"రక్తం ఇచ్చారు గాని మాట చెప్పలేదన్నమాట నాకు."

"నీకు చెప్పేది నేను కాదు. తనే చెప్తానన్నాడు. ముందు నీకే."

ఇంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పినా బావకిచ్చిన మాట తప్పినట్టే. ఇప్పటికే తప్పానేమో కూడా ఆయనకు తెలియలేదు.

ఆ తర్వాతి రోజులు ఆమెకు ఎలా గడిచాయో ఆమెకే తెలియాలి. అన్నగారు ఇంటికొచ్చాడు, కూర్చున్నాడు, కారు గేర్ల గురించి మాట్లాడాడు. ఆమె మంచినీళ్లిచ్చింది, కాళ్ల వైపు చూడలేదు. వెళ్లొస్తానంటే సరే అంది. ఆయన వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, లోపలికొచ్చి, ఒకే కర్టెను అంచు రెండుసార్లు తప్పు కుట్టి విప్పింది. వెళ్లి అడిగేయొచ్చు. అడిగితే అన్న దగ్గర మిగిలిన ఒక్క పని, తన నోటితో తనే చెప్పడం, అది కూడా ఆమె చేతుల్లోకి వచ్చేస్తుంది. అడగలేదు.

చివరికి ఒక ఆదివారం అన్నగారు చెల్లెల్ని తన ఇంటికి రమ్మని కబురు పెట్టాడు. వదినా పిల్లలూ ఊళ్లో లేరు, ఒక్కదాన్నే రమ్మన్నాడు. ఆమె పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చింది. పాస్‌వర్డు మావయ్య ఇంట్లో తోచక ఆమె గుడ్డలన్నీ మడతపెట్టి, ఏది ఎవరిదో కలిపేసి కూర్చున్నాడు. ఆమె వాటిని చూసి, కింద కూర్చుని విడదీయడం మొదలుపెట్టింది.

అన్నయ్య చెప్పాడంది. ఇప్పుడే డయాలసిస్ అక్కర్లేదట, మందులతో కొన్నాళ్లు నెట్టుకురావచ్చని రెండో డాక్టరన్నాడట. ఎన్నాళ్లో ఆయన చెప్పలేదట, తను అడగలేదట. పొద్దున పూట మాత్రమే బండి నేర్పుతాడట, ఓనరుకు వేరే ఏదో చెప్పాడట.

"నేను ఏడిచాను. అప్పుడే విన్నట్టు ఏడిచాను. నిజంగానే వచ్చింది ఏడుపు, నటించక్కర్లేకపోయింది."

ఆయన పక్కనే కూర్చున్నాడు.

"నీకే ముందు చెప్తున్నా, మీ వదినకి కూడా ఇంకా తెలీదు అన్నాడు. ఆ మాట అనడానికి ఎన్నాళ్లు దాచుకున్నాడో. మొహం ఎలా ఉందో చూడాల్సింది. నాకు ముందే తెలుసని ఆయనకు తెలియకూడదు. ఎప్పటికీ తెలియకూడదు. మీరు చెప్పొద్దు."

"చెప్పను."

"వదినకి వచ్చే వారం చెప్తాడట. అప్పటిదాకా ఆవిడ దగ్గర కూడా."

"సరే."

ఇవతలి గుట్టు అవతల పొక్కకూడదు, అవతలి గుట్టు ఇవతల పొక్కకూడదు. ఆయన వేళ్లతో లెక్కపెట్టుకోబోయి మానేశాడు. ఆమె నీలం గుడ్డ ఒకటి తీసి దులిపింది. కొంతసేపు తన పని చూసుకుని, తల ఎత్తకుండానే అడిగింది.

"ఇంకా ఎవరెవరివి చూశారు అందులో?"

"తుడిచేశాను."

"చూసి తుడిచారా, చూడకుండా తుడిచారా?"

"కొన్ని చూశాను."

ఎవరివని అడుగుతుందేమోనని ఆయన చూశాడు. ఆమె గుడ్డ పొడవుగా చాపి, ఆ కొస పట్టుకోండి, కొలవాలి అంది. ఆయన మోకాలు పట్టుకుని లేచి, అటు చివరకు వెళ్లి పట్టుకున్నాడు.